తనిఖీ రోజు, మురుగునీటి దీపం

పాప పుట్టడానికి ముందు ఏడాది, వానలు తగ్గుముఖం పట్టిన నెలలో, భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక గిరిజన బాలికల హాస్టలుకు నన్ను సైట్ ఇంజనీరుగా వేశారు. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను. పాప నిద్రపోయాక, ఒళ్లు వెచ్చబడిందేమోనని మధ్యమధ్య నుదురు తాకి చూసుకుంటూ, ఆ పనేమిటని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మురుగునీటి నుంచి కరెంటు తీయడం మా కంపెనీ పని. వినడానికి గారడీలా ఉంటుంది గానీ సూత్రం సులువే. గిన్నెలు కడిగిన నీళ్లలోని ఎంగిలిని, జిడ్డును తిని బతికే సూక్ష్మజీవులుంటాయి. గాలి తగలని పెట్టెలో వాటికొక కార్బన్ బ్రష్ పెడితే, తిన్నదాంట్లోంచి వెలువడే ఎలక్ట్రాన్లను దానికి అప్పగిస్తాయి. అక్కడి నుంచి తీగ గుండా, గాలి తగిలే రెండో ఎలక్ట్రోడుకు చేరేదే కరెంటు. ఒక్కో పెట్టెను సెల్ అంటాం. అది ఇచ్చే వోల్టేజీ గోడగడియారం సెల్లులో సగం కూడా ఉండదు. అందుకే సెల్లులను వరసగా కలిపి, వచ్చినదాన్ని కెపాసిటర్‌లో పోగుచేసి, ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం వెలిగిస్తాం.

ఆ దీపం ఉన్నది పడకగదుల నుంచి బాత్రూములకు వెళ్లే దారిలో. అక్కడ గాలి వీస్తే కరెంటు పోతుంది. చెట్ల నీడలో సోలారు పలక పనిచేయలేదు. పాముల భయంతో పిల్లలు పొద్దుగూకాక నీళ్లు తాగడమే మానేశారు. దీపం వచ్చాకే మళ్లీ తాగుతున్నారు. అయితే జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి చూసి సరేనంటేనే ఈ సెల్లుల యూనిట్ అక్కడ ఉంటుంది. లేదంటే విప్పి లారీ ఎక్కించాలి.

ఆయన వచ్చే రోజు ఉదయం మీటరు పెడితే వరసలో ముందున్న సెల్లుల్లో వోల్టేజీ లేదు. మూత తీయగానే ఘాటు వాసన కొట్టింది. గేటు నుంచి వంటగది దాకా దారికి రెండువైపులా తెల్లటి బ్లీచింగ్ గీతలు. మన దగ్గర పెద్ద సారు వస్తున్నాడంటే ముందు పడేది ఆ గీతలే. మిగిలిన పౌడరంతా వంటగది కాలువలోకి వెళ్లింది. ఆ కాలువే మా సెల్లులకు అన్నం పెట్టేది.

కాలువలో బ్లీచింగ్ పడితే సూక్ష్మజీవులు చస్తాయని, పోయొద్దని వంటమనిషి మరియమ్మకు నేను మొదటి వారమే చెప్పాను. ఆమె మాట తప్పే మనిషి కాదు.

"రోజూ పోస్తున్ననా మేడం? ఇయ్యాల రోజు లెక్కనా? సారు వచ్చి కాలువ కంపు కొడ్తదంటే ఎవరి పరువు పోతది, నీదా నాదా?" అంది.

గిన్నెలు కడుగుతున్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్లలో ఒకమ్మాయి, "మేడం, మీ పురుగులన్నీ సచ్చినయా? దినం పెడ్తరా?" అని అడిగింది. మరియమ్మ గరిటె ఎత్తింది.

మా టెక్నీషియన్ యాకూబ్ నన్ను పక్కకు పిలిచి, "వెనకాల చిన్న బ్యాటరీ తగిలిద్దాం మేడం. సారుకు ఏం తెలుస్తది?" అన్నాడు.

"సారు పోతడు, బ్యాటరీ అయిపోతది. పిల్లలు మళ్ల చీకట్ల నడవాల్నా?" అన్నాను.

బ్లీచింగ్ దారిలో తగిలిన మురికితో కలిసి బలం కోల్పోతుంది. కాబట్టి వరస చివరి సెల్లుల దాకా అది చేరకపోయి ఉండవచ్చు. ముందు నీళ్లు వచ్చే వాల్వు కట్టేసి, ఒక్కో సెల్‌నూ విడిగా కొలిచాం. చివరివి బతికే ఉన్నాయి. చచ్చిన సెల్ వరసలో ఉంటే మిగతావాటి బలాన్ని కూడా తినేస్తుంది. చచ్చినవాటిని సర్క్యూట్ నుంచి తప్పించి, చివరివాటికి మాత్రమే చల్లార్చిన గంజిని పలచగా కలిపి పోశాం. గంజి వంచి ఇచ్చింది మరియమ్మే. "గీ పురుగులకు కూడ నేనే వండాల్నా దేవా!" అని గొణుగుతూనే ఇచ్చింది.

మసక చీకట్లో ఆఫీసరు వచ్చాడు. హాస్టలు కరెంటు మెయిన్ ఆపించాం. దీపం వెలిగింది గానీ మునుపటంత లేదు.

"గింతేనా?" అన్నాడాయన.

యూనిట్లో సగమే పనిచేస్తోందని, మిగతా సగం ఎందుకు చచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వంగి తన బూటుకంటిన తెల్లపొడి చూసుకున్నాడు.

"అంటే, నేను వస్తున్ననని సగం సంపిన్రన్నట్టు."

"అవ్ సార్," అంది మరియమ్మ, ఎవరూ అడగకుండానే.

ఆయన నవ్వాడు. పిల్లలు ఆ వెలుతురులో బాత్రూముల దాకా వెళ్లి రావడం నిలబడి చూశాడు. "ఉండనియ్యండి. ఈసారి చెప్పకుంట వస్త," అని జీపెక్కాడు.

చచ్చిన సెల్లుల్లోకి బతికిన వాటి నీళ్లు పోసి, మళ్లీ మొలకెత్తించడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా యాకూబ్ చేత కాలువకు ఇంకొక గొట్టం, ఒక వాల్వు వేయించాను. బ్లీచింగ్ పోసే రోజు వాల్వు తిప్పితే నీళ్లు వెనక ఇంకుడుగుంతలోకి పోతాయి. ఆ వాల్వు తిప్పే పని మరియమ్మకే అప్పగించాను. ఆ తర్వాత మేం బిగించిన ప్రతి యూనిట్‌కూ అలాంటి గొట్టమే వేశాం.

యంత్రాన్ని మామూలు రోజుల కోసం తయారుచేస్తే చాలదు, తనిఖీ రోజు కోసం కూడా తయారుచేయాలి. నాకు అక్కడ తెలిసింది ఇంతే. ఒక అలవాటును మాన్పించడం కన్నా, దానికి వేరే గొట్టం వేయడం తేలిక.