నాన్నకు తెలుసు

లండన్ పక్కనున్న స్లౌ స్టేషన్‌లో రైలు దిగి ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే, గాలి ఫ్యాక్టరీలుండే ట్రేడింగ్ ఎస్టేట్ వైపు నుంచి వీస్తోందని ముక్కుకు తెలిసిపోయింది. చాక్లెట్ ఫ్యాక్టరీ వాసన. దగ్గరికెళ్తే తియ్యగా ఉంటుందేమోగానీ, దూరం నుంచి మాత్రం అడుగంటిన కోవాలా, కొంచెం తీపిగా, కొంచెం మాడుగా ఉంటుంది. మాంచెస్టర్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఆ వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి.

ఆ వయసులోనే నంద్యాల నుంచి ఇక్కడికి వచ్చాం. నాన్నకు కంప్యూటర్ ఉద్యోగం, అమ్మకు ఇల్లు, నాకు చలి. రైలు పట్టాల వెనక అద్దె ఇల్లు. పొద్దున్నే కిటికీ అద్దాల లోపలివైపు కారే నీళ్ళు, రేడియేటర్ మీద ఆరేసిన మేజోళ్ళు, ఆదివారం అమ్మ చేసే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు, ఆ నూనె పొగకు గొల్లుమనే స్మోక్ అలారం, స్టూలెక్కి దాన్ని తువ్వాలుతో విసిరి ఊరుకోబెట్టే నాన్న. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరక్క అమ్మ ఒక ఏడు కాకరకాయ తురిమి వేసింది. శరత్కాలంలో పార్కులో రాలిన కాంకర్లనే నున్నటి గోధుమరంగు గింజలకు దారం గుచ్చి, ఒకరి గింజను ఒకరం కొట్టి పగలగొట్టేవాళ్ళం. ఎండాకాలం పొద్దు ఎంతకీ గుంకేది కాదు. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న టై కూడా విప్పకుండా నాకు బౌలింగ్ వేసేవాడు.

నా అప్పటి పేరు ఇక్కడ రాయను. నేను పుట్టినప్పుడు అందరూ ఆడపిల్ల అన్నారు, ఆడపిల్ల పేరే పెట్టారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది ఎవరిదో పేరులాగే ఉండేది. నాన్న మాత్రం ఆ పేరుతో పిలిచింది తక్కువ. ఎప్పుడూ ‘ఏమ్రా’ అనే. ఆడపిల్లల్ని ముద్దుకు ‘రా’ అనడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. కానీ నాకది ముద్దులా వినపడలేదు. ఈ ప్రపంచంలో ఒక్క మనిషికి నేనెవరో కనబడుతోందని వినపడింది.

అమ్మకు నచ్చేది కాదు. “పెద్దదైతాంది, ఇంకా రా ఏంది మీరు?” అనేది.

“నాకు కూతురైనా వీడే, కొడుకైనా వీడే. ఏమ్రా, కాదా?” అని నాన్న నా నెత్తి మీద తట్టేవాడు. నేను తలూపేవాణ్ణి. చాలా గట్టిగా ఊపేవాణ్ణి.

పెద్ద బడికి వెళ్ళాక ఆడపిల్లలకు బూడిదరంగు స్కర్టు తప్పనిసరి. అందరూ చలికి తిట్టుకునేవాళ్ళు. నేను చలిని పట్టించుకోలేదు. బస్టాపులో, అసెంబ్లీలో, మెట్ల మీద, పుస్తకాల సంచి ముందుకు పట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నాను. నేను తొమ్మిదో ఇయర్‌లో ఉండగా, ఈస్టర్ సెలవులకు ముందు చివరి రోజున ఏదో మంచి పనికి చందా కోసం అబ్బాయిలంతా అమ్మాయిల్లా, అమ్మాయిలంతా అబ్బాయిల్లా వేషం వేసుకు రావాలని ప్రకటించారు. క్లాసంతా విరగబడి నవ్వింది. విగ్గులు, లిప్‌స్టిక్‌లు, బెలూన్లు అంటూ అబ్బాయిలు కేకలు వేశారు. నేను నవ్వలేదు. ఆ రోజుకు ఇంకెన్ని రోజులున్నాయో డైరీలో లెక్కపెట్టుకున్నాను.

ఆ ఉదయం నాన్న ఉతుకుల్లో కుంచించుకుపోయిన తన తెల్లచొక్కా ఒకటి తీసి స్వయంగా ఇస్త్రీ చేశాడు. నన్ను అద్దం ముందు నిలబెట్టి, వెనక నిలబడి, తన నీలం టైని నా మెడ చుట్టూ వేసి, “ఇది ఇట్ల పైకి, మళ్ళీ ఇట్ల లోపలికి, చూసినావా?” అంటూ ముడి వేశాడు. జడను చొక్కా లోపలికి దోపి, కాలర్ సర్దాడు. అద్దంలో ఇద్దరం కనిపించాం.

“అచ్చం నా మాదిరే ఉండావు కదరా,” అన్నాడు. “నా కొడుకువిరా నువ్వు.” కెమెరా తెచ్చి ఫొటో తీశాడు. వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చి నవ్వింది. నాకు అంతకు ముందూ ఆ తర్వాతా అంత సంతోషమైన ఉదయం గుర్తులేదు.

బడిలో అమ్మాయిలంతా కాటుకతో మీసాలు దిద్దుకున్నారు, పొట్టకు దిండ్లు కట్టుకున్నారు, కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తూ ఉత్తుత్తి త్రేన్పులు తీశారు. అబ్బాయిలు అక్కల స్కర్టులు వేసుకుని, తడబడే హీల్స్‌తో, మూతినిండా ఎర్రరంగుతో వచ్చారు. నేను మీసం పెట్టుకోలేదు. మామూలుగా నడిచాను. క్లాస్ టీచర్ నన్ను ఎగాదిగా చూసి, ఇంకొంచెం సరదాగా తయారై రావాల్సింది, ఇందులో నవ్వొచ్చేదేముంది అంది. అది తిట్టో మెప్పో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నం క్యాంటీన్ వరుసలో నిలబడితే, చిప్స్ వడ్డించే ఆవిడ తలెత్తి చూసి, “యెస్, యంగ్ మ్యాన్?” అంది. ఆమె హాస్యమాడలేదు. చూసింది చూసినట్టు అంది. ఆ పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళి, చిప్స్ చల్లారేదాకా ముట్టుకోకుండా కూర్చున్నాను.

నా స్నేహితురాలు హన్నా ఒక్కతే అది గమనించింది. బడి వదిలాక జిమ్ వెనక గోడ మీద కూర్చుని, ఏమైంది నీకు అని అడిగింది. చెప్పాను. ఇది వేషం కాదని, బడి తెరిచాక మళ్ళీ వేసుకోవాల్సిన స్కర్టే వేషమని, అంతకు ముందు నాకు నేను కూడా నోటితో చెప్పుకోని మాట ఆమెకు చెప్పాను. హన్నా నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

సెలవులయ్యాక మొదటి రోజు బస్సెక్కగానే వెనక సీటు నుంచి “మార్నింగ్, సర్!” అని ఒకరు, “లేడీస్ టాయిలెట్ నీకు కాదు బ్రో” అని ఇంకొకరు. బస్సంతా నవ్వు. హన్నా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నా కోసం పక్కన ఎప్పుడూ ఖాళీ ఉంచే సీట్లో తన సంచి పెట్టింది.

వారం తిరక్కుండానే, మా తరగతి పిల్లలందరి బాధ్యత చూసే హెడ్ ఆఫ్ ఇయర్ నాన్నను పిలిపించింది. ఆమె మంచిదే. గొంతు తగ్గించి, టిష్యూల డబ్బా నా వైపు జరిపి, పిల్లలు ఇలా అంటున్నారు, ఇందులో నిజమేమైనా ఉందా, నీకు ఏం కావాలో మాతో చెప్పొచ్చు అంది. నేను అవునన్నాను.

“డూ యువర్ పేరెంట్స్ నో?” అని అడిగింది.

నేను నాన్న వైపు తిరిగాను. నాకు భయం లేదు. నిజంగా లేదు. “మై డాడ్ నోస్,” అన్నాను.

నాన్న నన్ను చూడలేదు. ఆఫీసు ఫోన్లలో మాట్లాడే గొంతుతో, చిన్నగా నవ్వి, “ఇట్ వజ్ జస్ట్ ఎ జోక్, మిస్. ఫర్ ద ఫ్యాన్సీ డ్రెస్. షీ ఈజ్ ఎ వెరీ నార్మల్ గర్ల్,” అన్నాడు. కుర్చీలోంచి లేస్తూ, ఇకముందు ఇలాంటివి జరగవని ఆమెకు మాటిచ్చాడు.

కారులో చాలాసేపు వైపర్ల చప్పుడే. నాన్న మాట్లాడతాడని, ఆవిడ ముందు అట్ల చెప్పాల్సొచ్చింది లేరా అంటాడని, నేను డ్యాష్‌బోర్డు కేసి చూస్తూ కూర్చున్నాను. మా వీధి మలుపు తిరిగాక అన్నాడు: “ఇంట్లో మీ అమ్మతో ఇదంతా ఏం అనొద్దమ్మా.”

అమ్మా. అంత మెత్తగా అన్నాడు. చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. ఆ రోజు తర్వాత నన్ను ఆయన ‘రా’ అనలేదు. పార్కులో బౌలింగ్ వేయలేదు. గోడ మీద పెడతానన్న ఫొటో కడిగించి తెచ్చిన కవర్లోంచి ఎప్పుడు మాయమైందో తెలియదు. ఆయనకు తెలియక అన్నాడని నేను నన్ను నమ్మించుకోలేకపోయాను. అద్దంలో మా ఇద్దరినీ ఆయన చూశాడు కదా.

మరుసటేడు మళ్ళీ ఆ రోజు వచ్చింది. పొద్దున టై కోసం వెతకలేదు. నా బూడిదరంగు స్కర్టే వేసుకుని వెళ్ళాను. అందరి సరదా పాడుచేస్తున్నావని టీచర్లు విసుక్కున్నారు. ఆడపిల్లలంతా ప్యాంట్లలో తిరుగుతున్నారు. ఆ రోజు బడి మొత్తంలో స్కర్టు వేసుకున్న పిల్లలంతా అబ్బాయిలే. వాళ్ళ మధ్య, వరండాలో, సంచి ముందుకు పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు నవ్వుతూ వేసుకున్నారు, సాయంత్రం విప్పేశారు.

పద్దెనిమిదేళ్ళు రాగానే చదువు పేరుతో మాంచెస్టర్ వెళ్ళిపోయాను. డాక్టర్లు, కొత్త పేరు, కొత్త గొంతు, ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అక్కడే. అమ్మ చాలాకాలం ఏడ్చింది, తర్వాత ఒకరోజు ఫోన్ చేసి నా కొత్త పేరు ఎట్ల పలకాలో అడిగింది, ఇప్పుడు తడబడుతూనైనా అలాగే పిలుస్తుంది. నాన్న ఎన్నడూ ఒక్క మాటా అనలేదు, తిట్టలేదు, రావద్దనలేదు.

స్టేషన్ నుంచి నడిచే వచ్చాను. బడి ఉన్నచోట బాల్కనీల ఫ్లాట్లు లేచాయి. ఆ వేషాల రోజులు చాలా బళ్ళలో మానేశారట, మంచిదే. పార్కులో కాంకర్ల చెట్టు కొట్టేశారు. హన్నా ఎక్కడుందో తెలియదు, కనుక్కోవాలనీ లేదు.

నాన్న గేటు దగ్గర పక్కింటి కుర్రాడితో మాట్లాడుతున్నాడు. ఎవరో హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన తెలుగతను. నన్ను చూసి, “ఎవరంకుల్, మీ వాళ్ళేనా?” అని అడిగాడు.

నాన్న నా చేతిలోని బ్యాగు అందుకుంటూ, “మాంచెస్టర్ నుంచి వచ్చినారు,” అన్నాడు.

వచ్చినాడు అనలేదు. వచ్చింది అని కూడా అనలేదు. గ్యాస్ మీటర్ చూడ్డానికి వచ్చిన మనిషి గురించి అమ్మతో చెప్పేటప్పుడు కూడా ఆయన ఇంత మర్యాదగానే చెప్తాడు. నేను గడప దగ్గర బూట్లు విప్పి, ఒక పక్కగా సర్ది పెట్టి, నాన్న చూపించిన సోఫాలో కూర్చున్నాను.