మోకాళ్లు వంగుతుండగానే

మర్రిగూడ చుట్టుపక్కల నలభై అయిదేళ్లకు ఎవరైనా పని మానేశారంటే జనానికి తట్టేది ఒక్కటే, ఒళ్లు చెడిందని. ఇంకో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచదు. అది వాళ్ల తప్పు కాదు, బోరు నీళ్ల తప్పు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి, కొయ్యబారిపోయిన మనుషులను చూసీ చూసీ, పని మానడమంటే పనికి రాకపోవడమేనని వాళ్లు ఖాయం చేసుకున్నారు.

అందుకే మెర్సీ రాజీనామా ఇచ్చిందన్న కబురు ఊరికి చేరగానే, ఆదివారం ఆమె పుట్టింటి ముందు చెప్పులు గుట్టపడ్డాయి. వచ్చినవాళ్ల చేతుల్లో అరటిపండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరి బోండాలు. పక్కింటి పుష్ప గుమ్మంలోనే ముక్కు చీదింది.

“ఏ దవాఖానల జూపించినవ్ బిడ్డా? పెద్ద రోగమేనా?”

“నాకే రోగం లేదత్తా. నౌకరి ఇడిసిపెట్టిన, గంతే.”

“మంచిగున్నోళ్లు ఎవరిడుస్తరే? మా దగ్గర గూడ దాస్తవా?” అంటూ పుష్ప ఆమె చేతిలో గ్లూకోజు డబ్బా పెట్టింది.

మెర్సీకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. డబ్బా తీసుకుపోయి అరటిపండ్ల పక్కన పెట్టింది.

చిట్యాల దగ్గర హైవే పక్కనున్న ఒక మందుల కంపెనీలో ఆమె ప్యాకింగు సూపర్‌వైజరు. ఇరవై రెండేళ్లుగా నిలువుకాళ్ల కొలువు. అంతకుముందు, ఆమెకు ఇరవై ఏళ్లున్నప్పుడు, బావుల్లో పూడిక తీసే తండ్రి కృష్ణయ్య ఒక మధ్యాహ్నం పార ఇంటికి తెచ్చేసుకుని మంచం మీద కూర్చున్నాడు. అప్పుడు ఆయన వయసు నలభై అయిదు. మెడ తిరగదు, నడుము వంగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. ఇప్పుడు డెబ్బై ఏళ్లు, అదే మంచం. అరవై ఏళ్లకు విశ్రాంతి అని రాసిందెవరో గానీ, ఆ మనిషి మర్రిగూడ నీళ్లు తాగి ఉండడు. మెర్సీ తాగింది. పళ్ల మీద గోధుమరంగు చారలే అందుకు సాక్ష్యం.

తెలంగాణ వచ్చిన ఏడాది, కంపెనీ లెక్కల సెక్షన్‌లో పనిచేసే శ్రీవాణి మేడమ్ ఆమెకు మ్యూచువల్ ఫండు సంగతి చెప్పింది. నెలనెలా కొంత వేస్తే పెద్ద కంపెనీలలో చిన్న చిన్న వాటాలు వస్తాయి, వాటి ధరలు పడతాయి, లేస్తాయి, కదిలించకుండా ఏళ్లకేళ్లు ఉంచినవాళ్లకు పెరుగుతాయి అంది. మెర్సీ మూడు నెలలపాటు అడిగిందే అడిగి ఆమెను విసిగించి, అప్పుడు మొదలుపెట్టింది. భర్త విజేందర్ మోటార్ల వైండింగు షాపు రాబడితో ఇల్లు నడిచేది. మెర్సీ జీతం జీతమంతా ఫండులోకి పోయేది. చిట్యాలలో రెండు గదుల ఇంటి మీద ఇంకో స్లాబు లేవలేదు. కొడుక్కి పంచె కట్టించే ధోతి ఫంక్షను చెయ్యలేదు. “పిసినారిది” అన్నారు. అననీ అనుకుంది.

అందరికంటే ఎక్కువ వెక్కిరించింది తమ్ముడు సునీల్. సర్కారు బడిలో సారు. భూమి తప్ప మిగతాదంతా జూదమని అతని నమ్మకం. హైవే వెంచరులో ప్లాటు కొన్నాడు, అందులో ఇప్పుడు సర్కారు తుమ్మ ఏపుగా పెరుగుతోంది. కరోనా వచ్చి మార్కెట్టు కుప్పకూలినప్పుడు మాత్రం “నే జెప్పలే?” అని మూడు పూటలా ఫోన్ చేశాడు. అయినా ఆ నెలా మెర్సీ వేసింది, ఆ తర్వాతి నెలా వేసింది.

నిరుడంతా మెర్సీ, విజేందర్ పరీక్ష పెట్టుకుని బతికి చూశారు. రేపు ఫండు నుంచి నెలకు ఎంత తీసుకోవచ్చో అంతలోనే ఉప్పూ పప్పూ, కరెంటూ, పెళ్లిళ్ల చదివింపులూ సర్దారు. సరిపోయింది. కొడుకు చదువుకూ, దవాఖాన బీమాకూ వేరే తీసిపెట్టారు. పని మానాక ఏం చెయ్యాలో కూడా ఆమె వంటగది క్యాలెండరు వెనక రాసుకుంది: పొద్దెక్కేదాకా పడుకోవాలి, స్కూటీ నేర్వాలి, దేవరకొండ గుట్ట ఎక్కాలి. నల్గొండ డాక్టరు ఎక్స్‌రే చూసి, “ఇప్పటికైతే బాగున్నయి మోకాళ్లు. పదేండ్ల తర్వాత ముచ్చట నేను జెప్పలేను” అన్నాడు. ఆ పదేళ్లే ఆమెకు కావాలి.

రాజీనామా కాగితం ఇచ్చాక మేనేజరు కొత్త మెలిక పెట్టాడు. షిఫ్టు ఇన్‌చార్జి కుర్చీ, ఒకటిన్నర రెట్ల జీతం. ఆదివారం సాయంత్రంలోగా ఔననాలి. అప్పటినుంచి మెర్సీకి అన్నం సహించలేదు. ఆశ చేదా ఎవరికైనా?

ఇంతలో పాస్టరు ఎల్లస్వామి అయ్యగారు నూనె సీసాతో వచ్చారు, స్వస్థత ప్రార్థన చెయ్యడానికి. ఆయన వెనకే సునీల్.

“గీమెకు రోగం లేదు అయ్యగారూ, పిచ్చి లేసింది” అన్నాడు సునీల్. “అక్కా, మన తాత దొర కింద జీతగాడు. గా ఇంట్ల పుట్టి నెల జీతం తెచ్చిన మొదటి ఆడమనిషివి నువ్వు. ఇయ్యాల కుర్చీ ఇస్తమంటే కాలితోని తంతవా?”

ఆ మాట ఆమెకు గుండెలో తగిలింది. నిజమే కాబట్టి తగిలింది.

“తాత దొర చేన్ల సచ్చేదాక జేసిండు తమ్మీ. బాపు బొక్కలు బిగిసేదాక జేసిండు. మూడో తరంలనన్న ఒకరు ఇగ చాలని జెప్పొద్దా?”

“బాపూ, నువ్వన్న జెప్పు!” అన్నాడు సునీల్.

కృష్ణయ్య కర్ర ఆనించుకుని మంచం మీదే మెల్లగా మొత్తం మనిషి తిరిగాడు.

“నేను పని ఇడిసిపెట్టలేదురా. పనే నన్ను ఇడిసిపెట్టింది. ఇగ నా బిడ్డ తన కాళ్ల మీద నడిసొచ్చి, తనే ఇడిసిపెట్టింది. గింత ముచ్చట మన ఇంట్ల ఎన్నడైనా జరిగిందా? ఏడుస్తరేందిరా, ఏడ్సుడెందుకు?”

తల్లి జానమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మెర్సీ పాస్టరు చేతిలోని నూనె సీసాకు మూత బిగించింది.

“స్వస్థత ప్రార్థన వద్దయ్యగారూ. కృతజ్ఞత ప్రార్థన చెయ్యుండ్రి.”

అయ్యగారు ఒక్క క్షణం తికమకపడ్డారు. జబ్బు నయమైతేనో, ఉద్యోగం వస్తేనో కృతజ్ఞత ప్రార్థన చేశారు గానీ, ఉద్యోగం మానినందుకు ఆయన ఎన్నడూ చెయ్యలేదు. అయినా కళ్లు మూసుకున్నారు. కృష్ణయ్య తప్ప అందరూ తలలు వంచుకున్నారు. పుష్ప ఆమేన్ అందరికంటే గట్టిగా అంది, అరటిపండ్లు పంచింది.

పండ్లు ఇంకా పంచుతుండగానే మేనేజరు ఫోను. మెర్సీ అందరూ వినేలా స్పీకరు పెట్టింది.

“ఆలోచించావా అమ్మా? తొందరపడుతున్నావు. నీకింకా పదిహేనేళ్ల సర్వీసుంది.”

“ఉన్నది సార్. గా పదిహేనేండ్లు మీయి గావు, నాయి. నేనే తీస్కుంటున్న.”