క్లాసు భుజం గురించే, వదిలేసింది నా భుజాన్నే

బిగుసుకుపోయిన భుజానికి రెజిమెంటల్ బజార్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాను. ఈ రోజు ఫిజియోథెరపిస్టు స్వప్న నా చెయ్యి పైకెత్తి పట్టుకున్నదల్లా మధ్యలో వదిలేసి కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి.

"సారీ అంకుల్, ఆన్‌లైన్ క్లాస్ నడుస్తున్నది. మధ్యమధ్యల బటన్ నొక్కకుంటే ఆబ్సెంట్ వేస్తరు. కోర్సు చెయ్యకుంటే ఇక్కడ ఉద్యోగంల ఉంచరు."

క్లాసు దేని గురించని అడిగాను. బిగుసుకుపోయిన భుజం గురించేనట.

తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్లి, క్లాసు ఉన్నంతసేపయినా ఆమెకు డ్యూటీ తీసేయలేరా అని నిలదీశాను.

"ఏందీ సార్, డ్యూటీ తీసేస్తే పేషెంట్లను ఎవరు చూస్తరు? గిట్లయితే చదువు సుత అయితది, పని సుత ఆగది" అన్నాడు నవ్వుతూ.

నేను గొంతు పెంచాను. ఈలోగా స్వప్న వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"జెర ఊకోండి అంకుల్. భుజం మంచిగైతే మీరు వెళ్లిపోతరు. నేను రేపు సుత ఇక్కడికే రావాలె."

నోరు మూసుకుని వచ్చేశాను గానీ కోపం చల్లారలేదు. హైటెక్ సిటీలో శిక్షణ అంటే ఏసీ గది, భోజనం, ఆ రోజు జీతం. వైద్యం చేసే మనిషికి మాత్రం శిక్షణ కూడా రోగి ఒంటి మీదే జరగాలి. దీనికి వైద్యంలో నాణ్యత పెంచడం అని పేరు.

స్వప్న ఉద్యోగానికి ఎసరు పెట్టకుండా ఆ మేనేజర్‌తో ఎలా పోట్లాడాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే లైకు కొట్టి పోకండి.