నేను గెలిచిన నీలం బండి

మా మేనమామ కొడుకు, అంటే నాకు బావ, ఈమధ్య పాతకాలం టీవీ గేములు ఆడించే డబ్బా ఒకటి కొన్నాడు. చిన్నప్పుడు నా వేసవి సెలవులన్నీ నరసాపురంలో వాళ్లింట్లోనే గడిచేవి. అత్తయ్యది లేసు అల్లిక, మాది టీవీలో రేసు. ఎర్ర మోటారు సైకిలు బావది, నీలం బండి నాది. బతుకులో నేను గెలిచిన పందెమంటూ ఉంటే, ఆ నీలం బండి మీద గెలిచిందే. పెళ్లయ్యాక మా ఆవిడకు గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ దొరకలేదు. అందుకని అదే చాలాసార్లు చెప్పాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం బావ ఇంటికి వెళ్లాం. టీవీలో ఆ ఆట చూడగానే కళ్లు చెమరుస్తాయనుకున్నాను. అసహ్యం వేసింది. బండి చెదపురుగంత. దాని మీద మనిషికి మొహం లేదు. చూసే జనం చుక్కలు. దారి మొత్తానికి ఒక్క మలుపు లేదు; మా కాలవగట్టు మీద బిందెలతో బండి నడిపే పాలవాడు చూస్తే నవ్విపోతాడు. ఇక సంగీతం, జలుబు చేసిన దోమ పాడినట్టుంది. దీనికోసమా చిన్నప్పుడు నేను పళ్లెంలో మామిడిపండు వదిలేసి కూర్చున్నది! ఆటకన్నా నా మీదే ఎక్కువ రోత పుట్టింది.

"ఏదీ, మీరు గెలిచిన బండి చూపించండి," అంది మా ఆవిడ.

రెండో రిమోట్ అందుకుని మీట నొక్కాను. నీలం బండి కదిలింది. వేలు తీశాను. అది పోతూనే ఉంది. రిమోట్ సోఫాలో పడేశాను. అది దిబ్బ మీంచి చక్కగా ఎగిరి, నా అవసరమేమీ లేకుండా కిందికి దిగింది.

"ఈ రిమోట్ పాడైందేంటి బావా?"

"పాడవలేదురా. ఈ ఆట ఒక్కడు ఆడేదే. మిగతా బళ్లన్నీ అదే నడుపుకుంటుంది."

"మరి అప్పుడు?"

"అప్పుడూ అంతే. నువ్వు ఏడుస్తుంటే అమ్మ 'వాడికీ ఒకటియ్యరా' అంది. ఇచ్చాను."

"నీకు అప్పుడే తెలుసా?"

"ఆయ్. ఒళ్లంతా వంచి మరీ నడిపేవాడివిరా. చెప్పబుద్ధి కాలేదు."

అప్పట్లో నీలం బండి వెనకబడి తెర దాటిపోతే, క్షణంలో ముందువైపు మరో నీలం బండి తేలేది. అదీ నేనే అనుకునేవాణ్ణి. వెనక మునిగినవాణ్ణి ముందు ఎలా తేలానని ఒక్కనాడూ అనుమానం రాలేదు. ఇదే బుర్రతో తర్వాత డిగ్రీ కూడా పాసయ్యాను.

"అయితే అన్నయ్యగారూ, ఈయన ఎప్పుడూ గెలవలేదన్నమాట," అంది మా ఆవిడ, నవ్వాపుకోలేక.

"అలా అనకు చెల్లెమ్మా. ఆరోజు నేను ఓడిపోయిన మాట నిజమే."

"ఎవరి చేతిలో?"

బావ నాకేసి చూసి, తన రిమోట్ నా చేతిలో పెట్టాడు. మొదటిసారి ఎర్రబండి ఎక్కాను. మొదటి దిబ్బ మీదే బోర్లా పడ్డాను. నీలం బండి నా మీదుగా పోయినంత పని చేసి వెళ్లిపోయింది.

"పోన్లెండి," అంది మా ఆవిడ. "ఈసారి పడింది మాత్రం అచ్చంగా మీరే."