మోటారు బరువూ నా బరువూ

ప్రాణం మీదికొచ్చే నిర్ణయాన్ని దేవుడి పటం ముందు చీటీలు వేసి తేల్చుకున్న ఇల్లు మీది కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? పెళ్ళి సంబంధమో, ఆపరేషనో, బోరు ఎక్కడ వేయించాలన్నదో, ఏదో ఒకటి పసుపు రాసిన కాగితపు చుట్టలోంచి బయటపడే ఉంటుంది. వేళాకోళానికి అడగడం లేదు. మా వాళ్ళింట్లో అలా తేలింది పడవకు ఏ మోటారు కొనాలన్నది. దాని బదులు వేలాడినవాణ్ణి నేను.

అప్పటికి నా చదువు పూర్తయి, ఏలూరులో ఒక ట్యుటోరియల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. లోకాన్ని దిద్దడానికి సాయంత్రాలు ఖాళీగా ఉండేవి. ఆదివారం వాదసభల్లో దయ్యాలు లేవనీ, ముహూర్తాలు లేవనీ, గ్రహాలకు మన పెళ్ళిళ్ళతో పని లేదనీ గొంతు బొంగురుపోయేదాకా వాదించేవాణ్ణి. భయం అజ్ఞానానికి పుట్టిన బిడ్డ అని బల్ల గుద్దేవాణ్ణి. (గుద్దిన ఆ చెయ్యే లోతు నీళ్ళు చూస్తే వణికేది. నాకు ఈత రాదు. ఆ సంగతి సభలో ఎవరూ చర్చకు తేలేదు కనక నేనూ ఎత్తలేదు.)

సెలవులకు మా మేనమామ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆయనది కొల్లేటి మధ్యన ఒక లంక ఊరు. ఎండాకాలంలో మట్టిరోడ్డు ఉండేది. వానలు ముదిరితే రోడ్డు సరస్సులో కలిసిపోయేది. అప్పుడు ఊరికీ గట్టుకీ మధ్య మిగిలేది మావయ్య ఫైబరు పడవ ఒక్కటే. ఏదో తుపాను తర్వాత ఎవరో సాయంగా పంచితే వచ్చిన పడవ అది. ఒకప్పుడు నీలంరంగు వేశారని అత్తయ్య చెప్పేది, నమ్మేవాణ్ణి. బియ్యం, చేపల మేత, టీచర్లు, రోగులు, అన్నీ అందులోనే వచ్చిపోయేవి.

ఆ ఏడు వదిన (మావయ్య పెద్దకూతురు, నాకంటే పెద్దది) తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండేది సరిగ్గా నడివానల్లో. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, నొప్పులు మొదలవగానే ఆసుపత్రికి తీసుకొచ్చెయ్యాలి, ఇంట్లో కాన్పు పనికిరాదు అని ఏలూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముందే వచ్చి ఏలూరు పక్కన వట్లూరులో నా గదిలో ఉండమన్నాను. "నీ పుస్తకాలకి చోటు చాలక నువ్వే వరండాలో పడుకుంటున్నావంట మరిదీ, నేనూ నా పొట్టా ఎక్కడ పట్టేది?" అంది వదిన. అందరూ నవ్వారు. ఆ వారంలోనే పడవ మోటారు చచ్చిపోయింది.

అది చచ్చిపోయినప్పుడు నేను పడవలోనే ఉన్నాను. గట్టు నుంచి వస్తున్నాం. సరస్సు నడిమధ్య అది రెండు సార్లు దగ్గి, తెల్లగా పొగ వదిలి, ఆగిపోయింది. మోటారు ఆగాక కొల్లేరు ఎంత పెద్దదో తెలిసింది. గాలి మమ్మల్ని మెల్లగా గుర్రపుడెక్క గుంపులోకి నెడుతోంది. నేను రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, దూరంగా ఎగిరే కొంగల్ని చూస్తూ నిబ్బరంగా ఉన్నట్టు నటిస్తున్నాను. మావయ్య తాడు లాగి లాగి, చివరికి గెడ అందుకుని పడవను పొడుచుకుంటూ ఊరు చేర్చాడు. రేవులో దిగాక చెమట తుడుచుకుంటూ ఒకే మాట అన్నాడు: "ఒరే అల్లుడూ, ఇందాక పడవలో అమ్మాయి ఉంటే?"



మర్నాడే తాడేపల్లిగూడెం వెళ్ళాం. చేపల చెరువుల సామాను అమ్మే షాపులో రెండు మోటార్లు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నల్లగా, బలిసి, పెళ్ళికొడుకు మేనమామలా ఉంది. రెండోది దాని పక్కన పనికి కుదిరినట్టుంది. మావయ్య కళ్ళు నల్లదాన్ని వదల్లేదు. పొరుగు లంక ఆసామి పడవకు అలాంటిదే ఉంది. అది పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా మా పడవ అలలకు తల ఊపేది, మావయ్య తల దించుకునేవాడు.

"పెద్దదైతే ఇలా లాగగానే అవతలి గట్టు అలా వచ్చేస్తుందండీ," అన్నాడు షాపాయన. "చిన్నది కూడా మంచిదేనండీ, కాకపోతే కాస్త ఓపిక ఉండాలండీ."

"నొప్పులు పడే పిల్లకి ఓపిక ఎక్కడిదండీ?" అన్నాడు మావయ్య. ఆ వాదనలో బలం ఉంది, కాదనను. నేను మాత్రం నా హేతువు తీశాను. పడవ పాతది కదా, ఇంత లావు మోటారును మోస్తుందా? ఎంత బరువుంటుందిది?

షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "సుమారుగా తమరంత ఉంటుందండీ," అన్నాడు.

ఆయన నవ్వులాటకే అన్నాడు. మావయ్య నవ్వలేదు. పక్కనే ఉల్లిపాయల కొట్టు ఉంది. కూలీలను పిలిచి మోటారును అక్కడి కాటా మీద పెట్టించాడు, దాన్ని దించి నన్ను ఎక్కించాడు. ముల్లు అదే గీత మీదకు వచ్చి ఆగింది. (నా తర్వాత ఎక్కిన ఉల్లిపాయల బస్తా నాకంటే దర్జాగా తూగింది.) "ఆలోచించుకుని వస్తామండీ" అని షాపాయనకు చెప్పి తిరిగొచ్చాం.

ఆలోచించుకోవడం అంటే మావాళ్ళ భాషలో చీటీలు వేయడం. అత్తయ్య అమ్మవారి పటం ముందు దీపం పెట్టి, పెద్దది అని ఒకటి, చిన్నది అని ఒకటి రాయించి చుట్ట చుట్టింది. "ఎక్కేది నేను కదా, నేనే తీస్తాను," అని వదిన ఒకటి తీసింది. పెద్దది వచ్చింది. మావయ్య ముఖం వెలిగిపోయింది. నా ముఖం ఎర్రబడింది. లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను: కడుపుతో ఉన్న మనిషి ప్రాణాన్ని రెండు కాగితం ముక్కలకు వదిలేస్తారా? ఫైబరు పడవకు మోటారు తగిలించే వెనక పలక ఎంత బరువు మోస్తుందో ఆ పటానికి తెలుసా?

మావయ్య అంతా విని, నెమ్మదిగా, "అమ్మవారికి తెలీదంటున్నావు. మరి తమరికి తెలుసా అండీ?" అన్నాడు.

తెలియదు. తెలియదనే చెప్పాను. "తెలియనప్పుడు పరీక్షించి చూడాలి మావయ్యా. అంత బరువూ ఆ పలకకు తగిలించి, పడవను నడిపి చూడండి."

కాటా సంగతి అప్పటికే ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ నన్నే చూస్తున్నారు. ముందుగా వదినకు నవ్వొచ్చింది.

"మేత బస్తా కట్టొచ్చు కదా," అన్నాను.

"మేత తడిసిపోదూ? అయినా బస్తా పట్టుకోదురా అల్లుడూ. మోటారైతే పలకను గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. నువ్వూ అంతే పట్టుకుంటావు. నిన్న చూశాగా, పడవ అంచుని!"

ఆ విధంగా హేతువాదం నన్ను నీళ్ళలోకి దింపింది. పాత మోటారు ఊడదీసిన చోట, పడవ వెనక పలక మీదుగా రెండు చంకలూ తగిలించి, ఛాతీ ఆనించి, కాళ్ళు నీళ్ళలో వదిలి వేలాడాను. మావయ్య, పక్కింటాయన చెరో గెడ పట్టుకున్నారు. ఒడ్డున అత్తయ్య హారతి కర్పూరం వెలిగించింది. అది పడవకో నాకో తెలియలేదు. పడవ కదిలింది. రేవు దూరమైంది. కాళ్ళకు మెత్తమెత్తగా ఏవో చుట్టుకుంటున్నాయి. అవి గుర్రపుడెక్క వేళ్ళని బుద్ధికి తెలుసు. కాళ్ళకు మాత్రం అవి పాములే. "ఇప్పుడు ఊపండి," అన్నాడు మావయ్య, మోటారు వణుకుడు ఎలా ఉంటుందో చూడాలని. ఇద్దరూ పడవను అటూ ఇటూ ఊపారు. వణుకుడు నేను ముందు నుంచే ఇస్తున్నాను, వేరే ఊపనక్కర్లేదు అని చెబుదామనుకున్నాను గాని పళ్ళు ఒకదాన్నొకటి వదల్లేదు.

అప్పుడు నా ఛాతీ కింద కర్రుమని చప్పుడైంది. నా పక్కటెముక అనుకున్నాను. కళ్ళు దించి చూస్తే పాత బోల్టు కన్నాల్లోంచి కాఫీ డికాక్షన్లాంటి నీళ్ళు కారుతున్నాయి. "మావయ్యా," అన్నాను. ఆయన వినలేదు. "మావయ్యా!" అని అరిచేసరికి పలక నాతోపాటు వెనక్కి వాలి, ఊడి, నా కౌగిట్లోకి వచ్చింది. ఇద్దరం కలిసి మునిగాం.

నీళ్ళ కింద ఎంతసేపున్నానో నాకు తెలియదు. ఏ దేవుడి పేరూ తలుచుకోలేదని మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. అంత తీరిక దొరకలేదు. కాళ్ళకు బురద తగిలింది. నిలబడితే నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. పలక నా చేతుల్లోనే ఉంది.

పడవ వెనక నుంచి నీళ్ళు తాగుతోంది. దాన్ని పక్కింటాయన గట్టువైపు లాగుతుండగా మావయ్య నీళ్ళలోకి దూకి నా దగ్గరికి వచ్చాడు. నన్ను చూడలేదు. పలకను అందుకుని విరిగిన అంచులో వేలు పెట్టాడు. పైన ఫైబరు పొర నున్నగా, గట్టిగా ఉంది. లోపలి చెక్క తడిసిన రంపప్పొట్టులా వేలికి ఊడి వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ కన్నాల్లోంచి నీళ్ళు దిగి, చెక్క లోలోపలే కుళ్ళిపోయింది. పైకి మరక కూడా లేదు. మావయ్య పెదవులు తెల్లబడ్డాయి. "నల్లది తగిలించి, పిల్లని కూర్చోబెట్టి, ఒక్క లాగు లాగి ఉంటే..." అని ఆగిపోయాడు. మెడలోతు నీళ్ళలో ఆ మనిషి వణకడం చూసి నాకు నా వణుకు గుర్తు రాలేదు. విజయోపన్యాసం సిద్ధంగా ఉంది గాని, దాన్ని పక్కన పెట్టి, పలక ఒక కొస పట్టుకుని ఆయనతో ఒడ్డుకు నడిచాను.

ఆ ఉపన్యాసం ఒడ్డున అత్తయ్య చెప్పేసింది, కాస్త మార్చి. "చూశారా అండీ, అమ్మవారే అబ్బాయిని ఆ చెక్కకి వేలాడదీసి కాపాడింది," అంది. ఆ మాటకు నేటికీ నా దగ్గర జవాబుంది. అడిగేవాళ్ళు లేరు.

కుళ్ళినదంతా కోయించి, కొత్త చెక్క పెట్టి, ఫైబరు వేయించి, ఆరనిచ్చారు. ఎంత కొత్త పలకైనా, పడవ మిగతా ఒళ్ళంతా పాతదే కదా అని మావయ్యే అన్నాడు. చిన్న మోటారు తెచ్చాడు. పొరుగు లంక ఆసామి రేవులో పడవ ఆపి మరీ చూశాడు. "ఏవండీ, ఇది మోటారాండీ, మిక్సీయాండీ?" అన్నాడు. మావయ్య తల దించుకోలేదు. "పచ్చడి కావాలంటే కబురు పెట్టండి," అన్నాడు.

నొప్పులు ఒక మధ్యాహ్నం వానలో మొదలయ్యాయి. వదినను చాప మీద పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పి బయలుదేరాం. నన్ను వెనక కూర్చోబెట్టి, "నీ పలక నువ్వు చూసుకో," అన్నాడు మావయ్య. దారి పొడుగునా అరచెయ్యి దాని మీద నుంచి తీయలేదు. సరస్సు నడిమికి వచ్చేసరికి మోటారు గొంతు మారి, ఆగిపోయింది. నీళ్ళలో తిరిగే దాని ఫ్యానుకు గుర్రపుడెక్క చుట్టుకుంది. మావయ్య మోటారును పైకి ఎత్తి (తేలికగానే లేచింది) వేళ్ళు పీకసాగాడు. వాన తప్ప చప్పుడు లేదు. వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"మరిదీ, దేవుడు లేడని ఇప్పుడు మాత్రం అనకు."

"అనను వదినా."

"ఏదో ఒకటి మాట్లాడు. భయమేస్తోంది."

నాకూ వేస్తోంది. నోటికొచ్చిన విషయం గ్రహణం ఒక్కటే. చంద్రుడి మీద భూమి నీడ ఎలా పడుతుందో చెప్పడం మొదలుపెట్టాను. నొప్పి వచ్చినప్పుడల్లా చంద్రుణ్ణి ఆపేవాణ్ణి, తగ్గాక కదిలించేవాణ్ణి. మావయ్య తాడు లాగాడు. అంటుకోలేదు. మళ్ళీ లాగాడు. అంటుకోలేదు. చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్ళిపోయాడు. మూడోసారి మోటారు అందుకుంది. అరచేతి కింద పలక సన్నగా అదిరింది గాని కదల్లేదు. వానలో అలా గట్టు చేరాం. ముందే కబురు చేసిన అంబులెన్సు అక్కడే ఉంది. చీకటి పడకముందే ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ పిల్ల ఇప్పుడు కొల్లేటిలో చేపలా ఈదుతుంది. నాకు ఇంకా ఈత రాదు. వానలో తడుస్తూ, పలక మీద చెయ్యి ఆనించి, ఎవరూ అడగని గ్రహణాన్ని వివరిస్తున్న ఆ బక్కపలచటి కుర్రాడు తలపుకొస్తే నవ్వొస్తుంది, వాడి భుజం తట్టాలనీ అనిపిస్తుంది. వాడి పాండిత్యం పడవను దాటించలేదు. వాడి భయం మాత్రం ఆ పలకను తడిమి చూస్తూనే ఉంది.

మీరూ భయపడండి. ఊరికే కూర్చుని కాదు, చేతులతో భయపడండి. మీ పిల్లలు ఎక్కే పడవ దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. మోటారు ఎంత పెద్దదని అడక్కండి. అది వేలాడుతున్న పలకను గుప్పిటతో కొట్టి వినండి, బోల్టుల చుట్టూ వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. వేలికి గోధుమరంగు నీరు అంటితే, యజమాని ఎంత మర్యాదగా "రండి అండీ" అన్నా ఎక్కకండి, ఎవరినీ ఎక్కనివ్వకండి.