రత్నమక్కకు నేను చెప్పిన శుక్రవారం

తొమ్మిదేళ్లుగా ఒక తప్పుడు తేదీని మోస్తున్నాను. తేదీల విషయంలో నా మాటకు తిరుగులేదని సౌదీలో, తబూక్‌లోని మా ఆసుపత్రి నర్సులందరూ నమ్మేవారు. అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు గడువైనా, సెలవు రోజైనా క్యాలెండర్ చూడకుండా నన్నే అడిగేవారు. ఆ నమ్మకాన్ని వాడుకునే ఒక మనిషిని దెబ్బతీశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రత్నమక్కా నేనూ పంతొమ్మిదేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఇద్దరిదీ నర్సాపురం వైపే. నాకంటే నాలుగేళ్లు పెద్దది. పెళ్లి చేసుకోలేదు. యాభై ఎనిమిదో ఏట మరుపు మొదలైంది. అది క్రమంగా ముదురుతుందని డాక్టరు చెప్పాడు. తెలివి ఉండగానే పవరాఫ్ అటార్నీ రాసిపెడతానంది. రేపు తనకు మతి లేనప్పుడు నిర్ణయాలన్నీ సువర్ణ తీసుకోవాలి. తమ్ముడింటికి మాత్రం పంపకూడదు. ఊళ్లో మిషన్ వాళ్ల ఆశ్రమంలో చేర్చాలి.

సువర్ణ మా వార్డు నర్సు. వచ్చి మూడేళ్లు కూడా కాలేదు. ఆ పిల్లకు అంత ప్రేమ ఎందుకు? అక్క బీరువా తాళం ఆమె దగ్గర ఎందుకుంది? నేను గదిలోకి రాగానే మాటలు ఎందుకు ఆగాయి? అన్నీ డైరీలో రాసుకున్నాను, గంటా నిమిషాలతో సహా.

సువర్ణ సెలవు మీద ఊరెళ్లినప్పుడు, ఉండబట్టలేక అక్కను అడిగాను.

“ఆ పిల్ల పేరెందుకక్కా? నేను లేనా?”

“నువ్వు నా మాత్రలు లెక్కెడతావే. అది నా మొహం చూత్తాది.” నవ్వింది. “మూతి ముడవకు. ఇంతకీ క్యాంపు ఎప్పుడే? డ్యూటీ మార్పించుకోవాలి.”

కొన్ని నెలలకొకసారి జెద్దా నుంచి మన కాన్సులేట్ వాళ్లు తబూక్ వచ్చి, ఒక్క శుక్రవారం కూర్చుని మనవాళ్ల పవరాఫ్ అటార్నీ లాంటి కాగితాల మీద ముద్రలు వేసి వెళ్లేవారు. అది ఇంకా ఐదు రోజుల్లో ఉంది. నాకు తెలుసు.

“ఈ శుక్రవారం కాదక్కా, పై శుక్రవారం.”

నోరు జారి అన్న మాట కాదు.

పై శుక్రవారం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. క్యాంపు పెట్టే హాలుకు తాళం. ‘ఖలాస్, పోయిన వారమే అయిపోయింది’ అన్నాడట వాచ్‌మన్. తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

“నువ్వు సరిగానే చెప్పుంటావు. నాకే మతి పోయింది. ఇంక నేనేం సంతకాలు పెడతానే” అంది.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. “పర్లేదక్కా” అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె తనను తాను నమ్ముకోవడం మానేసింది. ఏది అడిగినా నా వైపు చూసేది. సువర్ణ తిరిగొచ్చి ఎంత చెప్పినా కాగితం ఊసు ఎత్తనివ్వలేదు. మళ్లీ క్యాంపు వచ్చేసరికి సంతకం అంటే ఏమిటో ఆమెకు తెలియలేదు. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా వేయించి తమ్ముడొచ్చి తీసుకెళ్లాడు. అతని ఇంటి వెనక గదిలో రెండేళ్ల నాలుగు నెలలు బతికింది. సువర్ణ ఫోన్ చేస్తే ఇచ్చేవారు కాదట. నేను ఫోన్ చేయలేదు.

సువర్ణ మీద డైరీలో పదకొండు అనుమానాలు రాశాను. ఒక్కదానికీ రుజువు లేదు. మతి తప్పాక అలాంటి అధికారపత్రం మన దేశంలో చెల్లదని తర్వాత ఒక ప్లీడరు చెప్పాడు. ఆ మాట చాటున కొన్నాళ్లు దాక్కున్నాను. చెల్లకపోతేనేం? తనకేం కావాలో ఆమె చెప్పిన మాట, ఆమె సంతకంతో, ఒక కాగితం మీద ఉండేది. దాన్ని తమ్ముడి ముందు పెట్టడానికి ఒక మనిషి ఉండేది. నేను భయపడింది ఆ పిల్ల మోసం చేస్తుందనా, నన్ను కాదని అక్క ఆమెను ఎంచుకుందనా?

ఇప్పుడు జెద్దాలో కూతురి దగ్గర ఉంటున్నాను. పోయిన వారం అలాంటి కాగితమే నా ముందు పెట్టింది. ఎవరు నేర్పారు, ఎందుకింత తొందర అని అడిగాను. ఈ బుద్ధి నాతోనే పోతుందేమో.

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు. కానీ ఒకటి మీ దగ్గరైనా ఉండాలి: ఆ శుక్రవారం రత్నమక్క ఏదీ మర్చిపోలేదు. నేను చెప్పిన రోజునే, చెప్పిన వేళకే వెళ్లింది.