ఆడ ఉండేవానికి చెప్పద్దని

మొన్నామధ్య ఒక పొద్దున మదనపల్లె గ్రంథాలయంలో పేపర్లన్నీ ముగించి, అలవాటు ప్రకారం చరిత్ర పుస్తకాల బీరువా వైపు నడుస్తుండగా జేబులో ఫోను మోగింది. చదువుకునేవాళ్ళు తలెత్తి చూస్తే సిగ్గుపడి మెట్ల మీదికి వచ్చి మాట్లాడాను. కుప్పంలో ఉన్న నా చెల్లెలి కూతురు చేసింది. వాళ్ళమ్మకు గుండె బలహీనపడి ఆస్పత్రిలో చేర్చారట, డాక్టర్లు ధైర్యంగా ఏమీ చెప్పడం లేదట. అంతసేపూ ఏడుస్తూ మాట్లాడిన పిల్ల, చివర్లో గొంతు సర్దుకుని అసలు సంగతికి వచ్చింది.

"మావాడికి మాత్రం చెప్పద్దు మామా. అమ్మే చెప్పద్దనింది. ఆదివారం నీకు ఫోన్ చేస్తాడు కదా, అడిగితే బాగుండాదని చెప్పు."

మావాడంటే ఆమె కొడుకు, నా చెల్లెలి మనవడు. పుట్టినప్పటినుంచి అమ్మమ్మ పక్కనే పడుకుని పెరిగినవాడు, ఈ మధ్యనే సైన్యంలో చేరి ఉత్తరాదిన ఎక్కడో శిక్షణలో ఉన్నాడు. చూద్దాంలే అని ఫోను పెట్టేశాను. లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచాను గానీ ఒక్క అక్షరం కూడా మనసుకు ఎక్కలేదు, ఎందుకంటే ఆ పిల్లవాడికి నేను ఇచ్చిన మాట ఒకటి ఉంది.

ఆ మాట ఎందుకు ఇచ్చానో చెప్పాలంటే మా సొంతూరు పుంగనూరు దాకా వెనక్కి పోవాలి. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన వైపు పల్లెల్లో, చిన్న ఊళ్ళలో, మిలిటరీలో ఉన్న కొడుక్కి ఇంటి చెడ్డ వార్త చెప్పకపోవడం ఒక ధర్మంగా ఉండేది. వాడు కొండల మీద ఉంటాడు, చేతిలో తుపాకి ఉంటుంది, మనసు చెదిరితే ఏమవుతుందోనని, వాడు సెలవుపై వచ్చి గడపలో కాలు పెట్టేదాకా చావైనా సరే దాచిపెట్టేవాళ్ళు. వీధివీధంతా ఆ కట్టుబాటుకు లోబడేది. నేను పదో తరగతి తప్పి, మా నాయన పక్కన మడక పట్టి పొలం దున్నడం ఇష్టంలేక సైన్యంలో చేరి, మంచు కొండల్లో లారీలు తోలుతున్న రోజుల్లో మా ఇంట్లోనూ అదే జరిగింది.

నాతోపాటు పనిచేసే బైరెడ్డిపల్లె అబ్బాయి ఒకడు సెలవుకు పోయి తిరిగివస్తూ, మా ఇంటికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చాడు. అమ్మ పంపిందన్నాడు. విప్పితే నిప్పట్లు, బియ్యప్పిండిలో శనగపప్పు, కరివేపాకు వేసి పలుచగా తట్టి నూనెలో వేయించినవి, మా అమ్మ చేసే తీరులోనే అంచులు కొంచెం మాడి ఉన్నాయి. బండి బానెట్ మీద పరిచి, కేరళ వాళ్ళకు, పంజాబు వాళ్ళకు పంచిపెట్టి, మా అమ్మ చేతి మహిమ గురించి నాకు వచ్చిన విరిగిన హిందీలో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. బైరెడ్డిపల్లె వాడు ఒక్కటి కూడా నోట్లో పెట్టలేదు. తినరా అంటే పళ్ళు నొప్పి అన్నాడు. ముసలోడా అని వాడిని ఎగతాళి చేశాను.

కొన్ని నెలలకు నాకు సెలవు దొరికింది. అమ్మకని ఒక ఉన్ని శాలువా కొన్నాను, పుంగనూరు ఎండలకు అది దేనికి పనికివస్తుందని అప్పుడు తోచలేదు. బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి, నన్ను చూస్తే చాలు ఏదో ఒక పరాచికం ఆడే దర్జీ సాయిబు మిషను దగ్గరనుంచి లేచి వచ్చి, నోరెత్తకుండా నా చేతిలోని ట్రంకుపెట్టె అందుకుని ముందు నడిచాడు. ఇంటి ముందు నాయన కూర్చుని ఉన్నాడు. గడపలో నీళ్ళ చెంబుతో నిలబడిన చెల్లెలు నన్ను చూడగానే చెంబు కింద పెట్టి లోపలికి పరుగెత్తింది. అమ్మ ఏదని అడిగాను. అమ్మ పోయి ఎండాకాలం దాటి, వానలు కూడా అయిపోయాయి. తలకొరివి పెద్దనాయన కొడుకు పెట్టాడు. నాకెందుకు చెప్పలేదని అరిచాను.

"ఆడ ఉండేవానివి, చెప్తే యేం చేస్తావప్పా?" అన్నాడు నాయన.

నిప్పట్లు చెల్లెలు చేసింది. అమ్మ పోయిన తర్వాత, నాకు అనుమానం రాకూడదని, అమ్మ ఎట్లా తట్టేదో అట్లాగే తట్టి, అంచులు మాడనిచ్చి మరీ పంపింది. అప్పటికి దానికి ఓణీ వేసే వయసు. నేను దాని మీద కోపం పెట్టుకోలేదని ఇన్నేళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను గానీ, లోపల మాత్రం ఒక ముల్లు అట్లాగే ఉంది. కన్నతల్లి చేతికీ చెల్లెలి చేతికీ తేడా నా నాలుకకు తెలియలేదు, లేని మనిషిని పొగుడుతూ పండగ చేసుకున్నాను.

సైన్యం నుంచి వచ్చేశాక ఒక బ్యాంకు వాకిట తుపాకి పట్టుకుని చాలాకాలం నిలబడ్డాను. చదువు అబ్బింది ఆ తర్వాతే, అదీ గ్రంథాలయం పుణ్యమే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కుని నేర్చుకున్నాను. రోము సేనలు మొదలుకొని ప్రపంచ యుద్ధాల దాకా ఆ బీరువాలో ఉన్నవన్నీ చదివాను. ఎవరు గెలిచారు, ఎంతమంది పోయారు అని అన్నీ రాశారు. సిపాయికి ఇంట్లోవాళ్ళు ఏం చెప్పకుండా దాచారో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పోయిన వేసవిలో మనవడు సైన్యానికి పోతానని పట్టుబడితే, మా మేనకోడలు వాడిని నా దగ్గరికి తీసుకొచ్చింది. నేను మిలిటరీ చూసినవాణ్ణి కాబట్టి వద్దని చెబుతాననే ఆశతో. వాడు మదనపల్లె పక్కనున్న అంగళ్ళులో ఇంజనీరింగు సగంలో ఆపేసినవాడు, పొద్దున్నే లేచి రోడ్డు మీద పరుగులు తీస్తున్నాడట. నేను చదివినదంతా వాడి ముందు కుమ్మరించాను. రష్యా చలిలో కరిగిపోయిన సేనల దాకా వచ్చేసరికి వాడు ఆవలించి, "పాఠం సాలు తాతా. నువ్వు మల్లా నా వయసోడివైతే పోతావా, పోవా?" అన్నాడు.

పోతానన్నాను. మా మేనకోడలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పోతాను గానీ, ఇంట్లో ఏది జరిగినా నాకు చెప్పాలని వీళ్ళందరి చేత ఒట్టు వేయించుకుని మరీ పోతానన్నాను. కష్టం ఓర్చుకోవచ్చు, చలి ఓర్చుకోవచ్చు, మన వెనుక మన ఇల్లు మారిపోయి మనకు మాత్రం పాత ఇల్లే చూపిస్తుంటే దాన్ని ఓర్చుకోలేమన్నాను. మేనకోడలు ఒట్టు వేయలేదు. అటువంటి మాటలు నోట అనకూడదంది. వాడు తల్లిని కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని, "వీళ్ళు చెప్పరు తాతా. నువ్వు చెప్పల్ల" అన్నాడు. చెబుతానన్నాను. అదీ నేను ఇచ్చిన మాట.

ఆదివారం వాడు ఫోన్ చేసేసరికి నేను కుప్పంలోనే, ఆస్పత్రి వరండాలో ఉన్నాను. తిండి గురించి, పరుగు గురించి, కాళ్ళకు పడిన బొబ్బల గురించి నవ్వుతూ చెప్పి, చివర్లో మామూలుగా అమ్మమ్మ ఎట్లుంది అని అడిగాడు. ఎదురుగా మేనకోడలు రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. నేను చెప్పేశాను. "యెప్పట్నించి తాతా?" అన్నాడు. చెప్పగానే పెట్టేశాడు. శిక్షణ మధ్యలో సెలవు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, వాడికీ తెలిసిపోయి ఉంటుంది.

మేనకోడలు నాతో మాట్లాడడం మానేసింది. లోపలికి వెళితే చెల్లెలికి అప్పటికే సంగతి చేరింది. "చెప్పినావా అన్నా? ఇంగ వాడు ఆడ తింటాడా, నిద్రపోతాడా?" అని, గోడ వైపు తిరిగి పడుకుంది.

మన కాలంలో దూరమే ఒక తెరలాగా ఉండేది, దాని వెనుక ఎంత దాచినా దాగేది, బాధ ఒకేసారి, గడపలో నిలబడి ఉన్నప్పుడు వచ్చేది. ఇప్పుడు వార్త రెప్పపాటులో చేరుతుంది, మనిషి మాత్రం అప్పటంత దూరంలోనే ఉండిపోతున్నాడు. వాడు ఇప్పుడు ఫోను దొరికినప్పుడల్లా వీడియో కాల్ చేస్తున్నాడు. ఫోను అమ్మమ్మ ముఖం దగ్గర పెట్టమంటాడు. నేను పెడతాను. చెల్లెలు నిద్రపోవడం లేదని నాకు తెలుసు, అయినా కళ్ళు తెరవదు. వాడు అక్కడినుంచి, ఆ మూసుకున్న కళ్ళనే చూస్తూ కూర్చుంటాడు.